పట్టికను ప్రశ్నించు భాష

మన బడి కార్యాలయములోని ప్రవేశపు రిజిస్టరును విద్యార్థులందరును ఎప్పుడో ఒకప్పుడు చూచియే యుందురు. పిల్లవాడు బడిలో చేరిన దినమున అతని ప్రవేశసంఖ్య, పేరు, తండ్రి పేరు, పుట్టిన తేది, మాతృభాష, చేరిన తరగతి అను వివరములను ఆ పుస్తకములో ఒక వరుసగా వ్రాయుదురు. ఇప్పుడు ఆ వివరములే కంప్యూటరులోనికి కూడ ఎక్కుచున్నవి. పుస్తకమునుండి ఒక సంగతి తెలిసికొనవలెనన్న పుటలు త్రిప్పవలెను. కంప్యూటరునుండి తెలిసికొనవలెనన్న దానిని ప్రశ్నింపవలెను. అట్లు ప్రశ్నించుటకు ఒక ప్రత్యేకమైన భాష కలదు. దాని పేరు ఎస్.క్యూ.ఎల్. ఆ భాష ఎట్టిదో, దానిని గూర్చి మన పిల్లలును వారి తల్లిదండ్రులును కొంచెమైన ఎందుకు తెలిసికొనవలెనో ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

మేము తెలుగు బోధించువారము. కంప్యూటరు శాస్త్రజ్ఞులము కాము. మేము ఉపాధ్యాయ శిక్షణ పొందినది పొరుగు రాష్ట్రమైన ఆంధ్రప్రదేశ్‌లో. అక్కడ దరఖాస్తులలో మాతృభాష అను గడి వచ్చినపుడు మేము ఒక్క క్షణమైన ఆలోచింపక తెలుగు అని వ్రాసి ముందునకు సాగెడివారము. తమిళనాడులోని ఈ హోసూరు ప్రాంతమునకు వచ్చి, ఇంటిలో తెలుగు, వీథిలో తమిళము, సంతలో కన్నడము మాటాడు పిల్లలకు పాఠము చెప్ప నారంభించిన పిమ్మటనే ఆ చిన్న గడి విలువ మాకు తెలిసినది. ఈ భాషను కొంత నేర్చుకొనుటకు అదియే కారణము.

ఈ భాష ఎట్లు పుట్టినది?

కంప్యూటరులు వచ్చిన తొలి దినములలో వివరములను వానిలో దాచుట కంటె తిరిగి వెలికి తీయుటయే కష్టముగా నుండెడిది. ఏ వివరము ఎచ్చట నున్నదో, ఏ దారిన పోయిన అది దొరకునో ప్రోగ్రాము వ్రాయువాడే అడుగడుగునకు చెప్పవలసి యుండెను. పెద్ద గిడ్డంగిలో ఒక బస్తా కావలెనన్న, ఎన్నవ గది, ఎన్నవ అర, ఎడమవైపా కుడివైపా అని కూలివానికి ముందే చెప్పవలసి యున్నట్లు ఉండెను. గిడ్డంగిలో సరకు స్థలము మార్చినచో ఆ చెప్పిన దారియంతయు వ్యర్థమే.

ఈ స్థితిని మార్చినవాడు ఎడ్గార్ కాడ్ అను గణితజ్ఞుడు. ఆయన 1923లో ఇంగ్లండు దేశమున జన్మించెను. ఐ.బి.ఎం. సంస్థవారి శాన్ హోసే పరిశోధనశాలలో పనిచేయుచు 1970 జూన్ మాసమున ఒక వ్యాసమును ప్రకటించెను. వివరములన్నిటిని సామాన్యమైన పట్టికలుగా నుంచుడు. మనుష్యుడు తనకు ఏమి కావలెనో చెప్పిన చాలును. దానిని ఎట్లు వెదకవలెనో యంత్రమే చూచుకొనవలెను అనునది ఆయన వాదము. ఈ కృషికి 1981లో ఆయనకు ట్యూరింగ్ బహుమానము లభించినది.

కాడ్ చూపిన మార్గమున డొనాల్డ్ చేంబర్లిన్, రేమండ్ బాయిస్ అను ఇరువురు ఆ సంస్థలోనే 1974లో ఒక ప్రశ్నభాషను ప్రకటించిరి. దానికి వారు పెట్టిన పేరు సీక్వెల్. ఆ పేరు అంతకుముందే బ్రిటనులోని ఒక విమాన నిర్మాణ సంస్థకు వ్యాపార చిహ్నమై యుండుటచే, తరువాత దానిని ఎస్.క్యూ.ఎల్. అని కుదించిరి. 1986లో అమెరికాలోను, 1987లో అంతర్జాతీయముగను ఈ భాషకు ప్రమాణ రూపము ఏర్పడినది. నేడు ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూలైట్ మొదలగు వ్యవస్థలన్నియు ఈ భాషలోని ప్రశ్నలకే బదులు చెప్పుచున్నవి. వానిలో స్వల్ప భేదములు లేకపోలేదు. కోస్తా తెలుగునకును, రాయలసీమ తెలుగునకును, మన హోసూరు తెలుగునకును యాసలో భేదమున్నను ఒకరి మాట ఒకరికి తెలియుచున్నది గదా! ఇదియు నట్టిదే.

పట్టిక, వరుస, గడి

'పిల్లలు' అను పేరుగల ఒక పట్టికను ఊహింతము. దానిలో ప్రవేశసంఖ్య, పేరు, తరగతి, మాతృభాష, స్థితి అను అయిదు నిలువు వరుసలు కలవు. ఒక్కొక్క పిల్లవానికి ఒక్కొక్క అడ్డు వరుస. స్థితి అనుచోట, చదువుచున్నవారికి 'బడిలో' అనియు, వేరొక ఊరికి పోయినవారికి 'బదిలీ' అనియు ఉండును.

పేరుండగా ప్రవేశసంఖ్య ఎందులకు అని విద్యార్థులు అడుగవచ్చును. ఒకే తరగతిలో ఇద్దరు మంజులలు ఉండుట మనకు క్రొత్త గాదు. అదియు గాక, మన ప్రాంతమున ఇంటిపేరు వ్రాయువారు కొందరు. తండ్రి పేరులోని మొదటి అక్షరమును మాత్రము వ్రాయువారు కొందరు. ఒకే మునిరాజు ఒక కాగితములో ఒక విధముగను, మరియొక దానిలో మరియొక విధముగను కనబడును. ప్రవేశసంఖ్య యన్ననో ఒక్కనికి ఒక్కటే. ఒకనిది మరియొకనికి రాదు. యంత్రము పిల్లవానిని గుర్తించునది ఆ సంఖ్యను బట్టియే.

అడుగుట

మూడవ తరగతి పిల్లల పేర్లును వారి మాతృభాషలును కావలె ననుకొందము. ప్రశ్న ఇట్లుండును:

సెలెక్ట్ పేరు, మాతృభాష
ఫ్రమ్ పిల్లలు
వేర్ తరగతి = 3;

సెలెక్ట్ అనగా ఏరుము. ఏ గడులు కావలెనో దాని ప్రక్కన వ్రాయుదుము. ఫ్రమ్ అనగా ఏ పట్టికనుండి. వేర్ అనగా ఏ వరుసలలో; అదియే నియమము. చివరనున్న గుర్తు వాక్యము ముగిసిన దని తెలుపును. ఆజ్ఞాపదములను యంత్రమునకు ఇంగ్లీషు అక్షరములలోనే ఈయవలెను. ఇచట మన పత్రికకు అనువుగా తెలుగు అక్షరములలో అచ్చు వేయించితిమి. ఐనను, గడులలో నుండు విషయము తెలుగు లిపిలోనే యుండవచ్చును. ప్రపంచ లిపులన్నిటికి సంఖ్యల నిచ్చిన యూనికోడ్ పద్ధతిలో తెలుగునకు 1991లోనే స్థానము లభించినది.

ఇచ్చట ఒక విశేషము గమనింపవలెను. 'తెలుగు' అను మాటలో మన కంటికి మూడు అక్షరములు కనబడును. యంత్రమునకు అవి ఆరు గుర్తులు: త, ఎత్వము, ల, ఉత్వము, గ, ఉత్వము. యంత్రము రెండు మాటలను పోల్చునపుడు ఈ గుర్తులను పోల్చునే గాని అర్థమును పోల్చదు. తెలుగు, తెనుగు, ఆంధ్రము అను మూడును ఒక్క భాషకే పేర్లని మన పిల్లవాడు చెప్పగలడు, యంత్రము చెప్పలేదు. దానికి అవి మూడు భాషలు.

లెక్కించుట

ఇక ముఖ్యమైన విషయమునకు వత్తము. 1949లో జరిగిన రాష్ట్ర విద్యామంత్రుల సమావేశమున భాషాల్పసంఖ్యాకుల పిల్లలకొఱకు ఒక సూత్రము నంగీకరించిరి. ప్రాథమిక దశలో ఒక బడి మొత్తమున 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఆ భాష మాటాడు పిల్లలున్నచో, ఆ భాషలో బోధించుటకు కనీసము ఒక ఉపాధ్యాయుని నియమింపవలె ననుట దాని సారాంశము. పిల్లవాని మాతృభాష యేదన్న, తల్లిదండ్రులుగాని సంరక్షకుడుగాని ఏది యని తెలుపుదురో అదియే అని కూడ ఆ తీర్మానము చెప్పినది. పిమ్మట 1956లో రాజ్యాంగమునకు జరిగిన ఏడవ సవరణచే 350-ఎ అను అధికరణము చేరినది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు విద్య గరపుటకు తగిన సౌకర్యములు కల్పింప ప్రయత్నింపవలె నని అది ప్రతి రాష్ట్రమును కోరుచున్నది.

కావున పది అను సంఖ్య మనకు చిన్నది కాదు. తొమ్మిదికిని పదికిని నడుమ ఒక ఉపాధ్యాయుడు నిలిచి యుండవచ్చును.

మన ఊహాపట్టికలో మూడవ తరగతిలో 14 మంది పిల్లలున్నా రనుకొందము. భాషల వారీగా లెక్క ఇట్లు అడుగుదుము:

సెలెక్ట్ మాతృభాష, కౌంట్(*)
ఫ్రమ్ పిల్లలు
వేర్ తరగతి = 3
గ్రూప్ బై మాతృభాష;

కౌంట్ అనగా లెక్కించుము. గ్రూప్ బై అనగా ఒకే మాట గలవారిని ఒక గుంపుగా చేయుము. దీనికి వచ్చిన జవాబు ఇది యనుకొందము:

తెలుగు – 8
తమిళము – 3
తెనుగు – 1
(ఖాళీ) – 2

మొత్తము 14. ఇంతవరకు తప్పు లేదు. ఇప్పుడు ఒక అధికారి తొందరలో రెండే ప్రశ్నలు వేసె ననుకొందము. మాతృభాష 'తెలుగు' ఐనవా రెందరు? యంత్రము 8 అనును. మాతృభాష 'తెలుగు' కానివా రెందరు? విద్యార్థులారా, దీనికి జవాబు ఏమై యుండునో ఒక నిమిషము యోచింపుడు. 14 నుండి 8 తీసివేసిన 6 గదా అని మీ రనవచ్చును. కాని యంత్రము 4 అనును. తమిళము ముగ్గురు, తెనుగు ఒక్కడు. 8, 4 కలిపిన 12. మిగిలిన ఇద్దరు పిల్లలు ఏమైరి?

ఆ ఇద్దరి గడులు ఖాళీగా నున్నవి. ఖాళీ గడిని ఈ భాషలో నల్ అందురు. నల్ అనగా సున్న కాదు. 'ఏమియు లేదు' అని వ్రాసినట్లును కాదు. 'ఏదో తెలియదు' అని అర్థము. తెలియనిది తెలుగుతో సమానమా అని అడిగిన, చెప్పలేము. సమానము కాదా అని అడిగిన, అదియు చెప్పలేము. అవును, కాదు అను రెండు జవాబులకు తోడు 'తెలియదు' అను మూడవ జవాబు ఈ భాషలో కలదు. వేర్ అను నియమము 'అవును' అని జవాబు వచ్చిన వరుసలనే గైకొనును. కావున ఖాళీ గడి గల పిల్లవాడు తెలుగువారి లెక్కలోను రాడు, తెలుగు కానివారి లెక్కలోను రాడు. బడిలో బల్లపై కూర్చుండియే యుండును. లెక్కలో మాత్రము ఉండడు.

అట్టివారిని వెదకుటకు వేరే మాట కలదు:

సెలెక్ట్ ప్రవేశసంఖ్య, పేరు
ఫ్రమ్ పిల్లలు
వేర్ మాతృభాష ఈజ్ నల్;

ఏ లెక్క తీయుటకైన ముందు ఈ ప్రశ్న వేయుట మంచి అలవాటు.

దిద్దుట

అడుగుటయే గాక పట్టికను దిద్దుటకు కూడ ఈ భాషలో ఆజ్ఞలు కలవు. 'తెనుగు' అని వ్రాసినదానిని 'తెలుగు' అని మార్చవలెనన్న:

అప్‌డేట్ పిల్లలు
సెట్ మాతృభాష = 'తెలుగు'
వేర్ మాతృభాష = 'తెనుగు';

అప్‌డేట్ అనగా దిద్దుము. సెట్ అనగా ఇట్లు మార్చుము. ఇచ్చట మా అనుభవ మొకటి చెప్పవలసి యున్నది. మేము ఈ భాష నేర్చుకొనుచున్న దినములలో, 40 వరుసలు గల అభ్యాసపు పట్టికలో ఒక్క పిల్లవాని మాతృభాషను దిద్దబోయి, మూడవ పంక్తిని వ్రాయ మరచితిమి. నియమము లేని ఆజ్ఞ అన్ని వరుసలకును వర్తించును. యంత్రము సందేహింపలేదు, మమ్ము ప్రశ్నింపలేదు. 40 వరుసలు మారినవని నెమ్మదిగా తెలిపినది. పట్టికలోని తమిళ పిల్లలు, కన్నడ పిల్లలు, ఉర్దూ పిల్లలు అందరును ఒక్క క్షణములో తెలుగువారైరి. మాతృభాషపై మాకు ఎంత అభిమాన మున్నను, అది అసత్యమే గదా! అభ్యాసపు పట్టిక యగుటచే ఎవరికిని నష్టము కలుగలేదు. అదే నిజమైన పట్టికయై, మేము వ్రాసిన మాట తెలుగు గాక వేరొకటియై యున్నచో ఏమి జరిగి యుండునో మీరే ఊహింపుడు.

అప్పటినుండి మేము రెండు కట్టుబాట్లు పెట్టుకొంటిమి. మొదటిది: దిద్దుటకు ముందు, అదే నియమముతో సెలెక్ట్ వ్రాసి, ఏ వరుసలు వచ్చుచున్నవో కన్నులార చూచుట. ఒక్క వరుస రావలసినచోట నలువది వచ్చినచో తప్పు అచ్చటనే బయటపడును. రెండవది: బిగిన్ అను ఆజ్ఞతో పని మొదలిడుట. అట్లు చేసినచో దిద్దినది వెంటనే స్థిరపడదు. సరిగా నున్నచో కమిట్ అని స్థిరపరుపవచ్చును. తప్పు జరిగినచో రోల్‌బ్యాక్ అని పూర్వస్థితికి మరల్చవచ్చును. పలకపై వ్రాసి చూచుకొని, పిమ్మట నోటుపుస్తకములో సిరాతో వ్రాయుట వంటిదే ఇది.

డిలీట్ అను మరియొక ఆజ్ఞ కలదు. అది వరుసలను తుడిచివేయును. దీనికిని వేర్ అను నియమము లేకున్న పట్టిక యంతయు ఖాళీ యగును. బడి విడిచిపోయిన పిల్లవాని వరుసను తుడుపవలెనా? మన పెద్దలు ప్రవేశపు రిజిస్టరునుండి ఎన్నడును పుట చింపలేదు. పిల్లవాడు వెళ్లినచో, వెళ్లిన తేదిని ఆ వరుసలోనే వ్రాసి యుంచిరి. అందుచేతనే ముప్పది యేండ్ల తరువాత వచ్చి పుట్టిన తేది ధ్రువపత్రము అడిగినవానికి జవాబు చెప్పగలుగుచున్నాము. కంప్యూటరులోను అట్లే వరుసను తుడుపక, స్థితి గడిలో 'బదిలీ' అని దిద్దుట మేలు. లెక్క అడుగునపుడు స్థితి 'బడిలో' ఐనవారినే అడిగిన చాలును.

యంత్రము చెప్పలేనిది

ఇప్పుడు మరల మూడవ తరగతికి వత్తము. 'తెనుగు' అనుదానిని దిద్దిన పిదప తెలుగువారు 9 మంది యైరి. పది మందికి తక్కువ కాని తరగతు లేవి అని ఇట్లు అడుగుదుము:

సెలెక్ట్ తరగతి, కౌంట్(*)
ఫ్రమ్ పిల్లలు
వేర్ మాతృభాష = 'తెలుగు' అండ్ స్థితి = 'బడిలో'
గ్రూప్ బై తరగతి
హేవింగ్ కౌంట్(*) >= 10;

అండ్ అనగా రెండు నియమములును కుదురవలె ననుట. వేర్ అనునది వరుసకు నియమము. హేవింగ్ అనునది గుంపునకు నియమము. జవాబులో మూడవ తరగతి పేరే కానరాదు. తొమ్మిది యున్నవి, ఒక్కటి తక్కువ అని యంత్రము చెప్పదు. అడిగినదానికి మాత్రమే అది జవాబు చెప్పును.

ఖాళీ గడులు గల ఆ ఇద్దరి సంగతి యేమి? వారి మాతృభాష ఏదో చెప్పగల ఆజ్ఞ ఈ భాషలో లేదు. ఏ భాషలోను లేదు. పిల్లవాని పేరు చూచి గాని, ఇంటిపేరు చూచి గాని ఉపాధ్యాయుడు ఊహించి వ్రాయరాదు. అది ఒకరి మాటను మనము పలికినట్లగును. తల్లియో తండ్రియో వచ్చి చెప్పవలెను. వారు తమిళము అనిన తమిళమే వ్రాయవలెను. తెలుగు అనిన తెలుగే వ్రాయవలెను. ఆ ఇద్దరి తల్లిదండ్రులును వచ్చి తమ యింటి భాష తెలుగని వ్రాసి యిచ్చి రనుకొందము. అపుడు లెక్క 11. ఒక్కరే అట్లు చెప్పినను 10. అదే ప్రశ్నను మరల వేసినచో మూడవ తరగతి జవాబులో నిలుచును. ప్రశ్న మారలేదు, పిల్లలు మారలేదు, నిండినవి రెండు గడులు మాత్రమే.

విద్యార్థులారా, ఈ భాషను అభ్యసింప దలచినవారికి ఎస్‌క్యూలైట్ అను వ్యవస్థ వెల లేకుండ లభించును. మన గ్రంథాలయములోని తెలుగు పుస్తకముల పేర్లు ఒక ఇరువది తీసికొని పట్టిక తయారు చేయుడు. ఏ పుస్తకము ఎవరి యొద్ద నున్నదో, ఎవరును తీసికొనని పుస్తకము లేవో ప్రశ్నించి చూడుడు. ప్రతి ప్రశ్నకును ముందు జవాబును కాగితముపై మీరు వ్రాసికొని, పిమ్మట యంత్రమును అడుగుడు. రెండును సరిపోనిచోటనే మీకు విద్య అబ్బును.

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. బడిలో పిల్లను చేర్చునపుడు దరఖాస్తులో మాతృభాష అను గడి వచ్చును. చేర్చుకొను తొందరలో దానిని ఖాళీగా విడువకుడు. ప్రక్కవారు తోచినది వ్రాయుదురని ఊరకుండకుడు. మీ యింట పిల్లవాడు అమ్మను ఏ భాషలో అన్నము అడుగుచున్నాడో ఆ భాష పేరు మీ చేతులార వ్రాయుడు. వ్రాసిన పిదప, కంప్యూటరులో ఎక్కించినది సరిగా నున్నదో లేదో ఒకసారి చదివి వినిపింపు మని కార్యాలయమున అడుగుడు. అట్లు అడుగుటకు మీరు సంకోచింప నక్కరలేదు.